మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటే ఐసొలేషన్ ఉన్నట్టేనా?

ప్రశ్న: 230 వోల్టుల సరఫరాను కొలిచే చిన్న పరికరం ఒకటి తయారుచేస్తున్నాను. ఫేజు నుంచి 1 మెగా ఓమ్, దాని కింద 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టి, మధ్య బిందువును తగిన బయాస్‌తో (స్థిరమైన డీసీ వోల్టేజీ కలిపి) మైక్రోకంట్రోలర్‌కు ఇచ్చాను. న్యూట్రల్‌ను బోర్డు గ్రౌండ్‌కు కలిపాను. రీడింగులు కంప్యూటర్‌కు పంపడానికి బోర్డు మీద యూఎస్‌బీ ఉంది. ప్రవహించే కరెంటు పావు మిల్లీ ఆంపియర్ కంటే తక్కువే కనుక దీన్ని ఐసొలేషన్‌గా, అంటే సరఫరాతో విద్యుత్ సంబంధం లేకుండా వేరుచేయడంగా, పరిగణించవచ్చా?

జవాబు: పరిగణించకూడదు. దయచేసి ఈ బోర్డును ప్రస్తుత స్థితిలో కంప్యూటర్‌కు గానీ, ఎర్త్ ఉన్న ఆసిలోస్కోపుకు గానీ కలపకండి. మీరు లెక్కకట్టింది మెగా ఓమ్ రెసిస్టర్ గుండా వెళ్లే కరెంటును మాత్రమే. న్యూట్రల్ తీగ నుంచి బోర్డు గ్రౌండ్‌కు, అక్కడి నుంచి యూఎస్‌బీ లోహపు తొడుగుకు ఉన్న దారిలో ఏ రెసిస్టరూ లేదు. ప్లగ్గు తిరగబడినా, గోడలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా, పరికరానికి ముందెక్కడో న్యూట్రల్ తెగిపోయి మరో లోడు గుండా ఫేజు వెనక్కి వచ్చినా, ఆ తొడుగు మీద పూర్తి 230 వోల్టులు నిలుస్తాయి. ఐసొలేషన్ ఉన్నది మైక్రోకంట్రోలర్‌ను కాపాడడానికి కాదు, ఆ తొడుగును తాకే మనిషిని కాపాడడానికి. కాబట్టి మనిషి చేతికి అందే భాగాలేవో ముందుగా గుర్తించి, వాటికీ మెయిన్స్‌కూ (230 వోల్టుల సరఫరాకూ) మధ్య సరిహద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించాకే విడిభాగాలు ఎంచుకోవాలి.

రెసిస్టర్లతోనే రక్షణ సాధించే పద్ధతి లేకపోలేదు. ప్రమాణాలు దీన్ని రక్షక ఇంపెడెన్స్‌గా (కరెంటును ప్రమాదం లేని స్థాయికి తగ్గించే నిరోధంగా) అంగీకరిస్తాయి. అయితే ఫేజు, న్యూట్రల్ రెండూ అధిక విలువ గల రెసిస్టర్ల గుండానే లోపలికి రావాలి, వాటి మధ్య తేడాను డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్ కొలవాలి, ఏ ఒక్క భాగం చెడిపోయినా తాకినవారికి ప్రమాదం రాకూడదు. కొలత పరికరాలకు వర్తించే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఈసీ 61010-1 ప్రకారం సాధారణ స్థితిలో తాకితే వచ్చే కరెంటు 0.5 మిల్లీ ఆంపియర్లు (ఆర్‌ఎంఎస్) మించకూడదు. ఒక్కో తీగకు రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లను వరుసగా పెడితే 0.115 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. వాటిలో ఒకటి షార్టయినా 0.23 దాటదు.

లెక్క ఇంత తేలికగా కుదిరినా భాగాల దగ్గర చాలామంది పొరబడతారు. రెండింటిలో ఒకటి షార్టయిన క్షణంలో మిగిలిన రెసిస్టర్ ఒక్కటే మొత్తం 230 వోల్టులను మోయాలి. 1206 సైజు చిప్ రెసిస్టర్ అనుమతించే పని వోల్టేజీ సాధారణంగా 200 మాత్రమే, పైగా దాని రెండు ప్యాడ్ల మధ్య ఎడం 2 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. సాకెట్‌కు తగిలించే పరికరం, అంటే రెండో ఓవర్‌వోల్టేజ్ కేటగిరీది (సరఫరాలో ఎంత పెద్ద సర్జ్ రావచ్చో చెప్పే వర్గం), 2500 వోల్టుల సర్జ్‌ను, అంటే క్షణకాలపు వోల్టేజీ ఉప్పెనను, తట్టుకోవాలని కూడా మరిచిపోవద్దు. అందుకే ఇక్కడ ఈ పనికోసమే భద్రతా ధ్రువీకరణ పొందిన, కాళ్లున్న అధిక వోల్టేజీ రెసిస్టర్లు వాడాలి.

నా అభిప్రాయంలో, యూఎస్‌బీ ఉన్న మీ పరికరానికి అసలైన ఐసొలేషన్ అవరోధమే మేలు. మామూలు ఆప్టోకప్లర్ (సంకేతాన్ని కాంతి ద్వారా అవతలికి పంపే భాగం) సరఫరా ఉందో లేదో, తరంగం సున్నాను ఎప్పుడు దాటిందో చెప్పడానికి సరిపోతుంది. కానీ దాని కరెంటు బదిలీ నిష్పత్తి (లోపలికిచ్చిన కరెంటుకు బయటికి ఎంత వస్తుందన్నది) ఉష్ణోగ్రతతోనూ వయసుతోనూ మారుతుంది కనుక ఖచ్చితమైన కొలతకు పనికిరాదు. దానికి చిన్న వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ, ఐసొలేటెడ్ ఆంప్లిఫయర్ (రెండు వైపుల మధ్య అవరోధం లోపలే ఉన్న ఆంప్లిఫయర్ ఐసీ) గానీ కావాలి. ఆంప్లిఫయర్‌కు మెయిన్స్ వైపున కూడా విద్యుత్తు అవసరం. దాన్ని ఇవతలి నుంచి అందించే డీసీ-డీసీ కన్వర్టర్‌కు కూడా అదే స్థాయి ఇన్సులేషన్ ఉండాలి, లేకుంటే అవరోధం అక్కడే తెగిపోతుంది.

డేటాషీట్‌లో కనిపించే 5000 వోల్టులు ఒక్క నిమిషం తట్టుకునే విలువే గానీ నిరంతరం పనిచేసే వోల్టేజీ కాదు. మీరు చూడవలసింది అనుమతించిన పని వోల్టేజీని, ఇన్సులేషన్ ‘రీఇన్‌ఫోర్స్‌డ్’ (రెండు పొరల ఇన్సులేషన్‌కు సమానమైన రక్షణ ఇచ్చే) తరగతిదా కాదా అన్నదాన్ని. ఆ తరగతికి, 250 వోల్టుల దగ్గర, రెండో కాలుష్య స్థాయిలో (ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే మామూలు దుమ్ము, అప్పుడప్పుడు తేమ), మామూలు బోర్డు మీద, ఐఈసీ 60664-1 లెక్కన గాలిలో దూరం 3 మిల్లీమీటర్లు, ఉపరితలం వెంట దూరం 5 మిల్లీమీటర్లు కనీసం ఉండాలి. సముద్రమట్టానికి 2000 మీటర్లు దాటిన చోట గాలిలో దూరం ఇంకా పెరగాలి. ఎనిమిది మిల్లీమీటర్ల ఎడం ఉన్న మంచి ఐసీ కొని, దాని పొట్ట కింద గ్రౌండ్ రాగిపొరను పరిచేసిన బోర్డులు తరచూ కనిపిస్తాయి. ఆ రాగి వల్ల ఎనిమిది కాస్తా రెండు మూడుకు పడిపోతుంది.

ప్రశ్న: మా బోర్డులో దూరాలు కొంత తక్కువే, కానీ 3000 వోల్టుల హైపాట్ పరీక్షలో (అధిక వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను చూసే పరీక్షలో) నిలిచింది. అది చాలదా?

జవాబు: చాలదు. ఆ పరీక్ష శుభ్రమైన, పొడి బోర్డు మీద ఒక నిమిషం జరిగేది. ఉపరితల దూరం నిర్దేశించింది ఏళ్ల తరబడి చేరే దుమ్మూ తేమా కలిసి బోర్డు మీద కార్బన్ దారి ఏర్పరచకుండా ఉండేందుకు. స్థలం చాలకపోతే ఐసీ కింద కనీసం 1 మిల్లీమీటరు వెడల్పుతో స్లాట్ కోయించండి. దాని వల్ల ఉపరితల దూరం పెరుగుతుంది. కానీ గాలిలో దూరం తక్కువైతే స్లాట్ దాన్ని సరిచేయలేదు. అప్పుడు ట్రాకులనే జరపాలి.