ఆ పచ్చటి వాగు ఎక్కడుంది?

చిరంజీవికి,

హైదరాబాద్ నుంచి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి మా వీధి చివరి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని. ఎర్ర పెన్నుతో గీతలు పెట్టిన కాగితాలు ఫోటోలు తీసి విడిగా పంపుతున్నాను. చూసి టెన్షన్ పడకు. ఒక్క గీత కూడా పెట్టకుండా నేను తిరిగిచ్చేసిన వ్యాసాలు చాలా ఉన్నాయి, బాధపడాల్సింది వాటిని రాసినవాళ్ళు.

"అమెరికాను ఊపేసిన అయిదు రాక్ బ్యాండ్లు" అని పేరు పెట్టావు. బీచ్ బాయ్స్, డోర్స్, సీసీఆర్, ఈగిల్స్, నిర్వాణా. ఒక్కొక్కరికి మూడేసి పేరాలు. తెలుగులో ఈ పాటల గురించి రాసేవాళ్ళు తక్కువ కాబట్టి నువ్వు పూనుకున్నందుకు సంతోషమే. అయితే నేనొక పని చేశాను. బ్యాండ్ పేర్లన్నీ వేలితో మూసి చదివాను. ఏ పేరా ఎవరిదో నాకు తెలియలేదు. అందరూ సంచలనమే, అందరూ ఒక తరం గొంతుకే, అందరూ విభేదాలతోనే విడిపోయారు.

నాలుగు బ్యాండ్లు తీసెయ్. సీసీఆర్ ఉంచు. అంటే క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. ఎందుకో చెబుతాను.

తీసేసేముందు ఒకటి రెండు మాటలు. ఈగిల్స్ పేరాలో 'హోటల్ కాలిఫోర్నియా' వెనక సైతాను ఉన్నాడని రాశావు. అది ఎప్పటి నుంచో తిరుగుతున్న పుకారు, నువ్వూ దాన్ని మోయకు. నిర్వాణా పేరాలో 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' అంటే యువతరం ఆవేదన అన్నావు. టీన్ స్పిరిట్ అనేది అమ్మాయిలు వాడే ఒక డియోడరెంట్ పేరు. ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెయిన్ దగ్గర ఆ వాసన వస్తోందని స్నేహితురాలు క్యాథ్లీన్ హానా గోడ మీద రాసింది. అతనికి ఆ డియోడరెంట్ సంగతి తెలియక, అదేదో తిరుగుబాటు మాట అనుకుని పాటకి పెట్టుకున్నాడు. ఇలాంటిది ఒక్కటి దొరికితే ఆవేదన అనే మాటతో నీకు పనేముంది? ఇక బీచ్ బాయ్స్. అలల మీద సర్ఫింగ్ గురించి అన్ని పాటలు పాడారు కదా, వాళ్ళలో నిజంగా సర్ఫింగ్ చేసేవాడు డెనిస్ విల్సన్ ఒక్కడే.

ఈ డెనిస్ సంగతి గుర్తుపెట్టుకో. సీసీఆర్ కథ మొత్తం అదే.

ఆ కథ నాకు తెలిసింది పరువు పోయాక. ఎనభైల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పూట, ఒక పాత క్యాసెట్ కొన్నాను. పెట్టె పగిలిపోయి ఉంది, లోపల ఉండాల్సిన కాగితం లేదు. పాటల నిండా బురద, చిత్తడి నేల, మిసిసిపీ నది, ఆవిరి పడవలు, న్యూ ఆర్లీన్స్. నెల రోజులు విని, ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. "మిసిసిపీ నీళ్ళు తాగి పెరిగిన లూసియానా పల్లెటూరి కుర్రాళ్ళు" అని మొదలుపెట్టాను. వాక్యం బాగుందని ఎడిటర్ గారు కూడా మెచ్చుకున్నారు. అచ్చయిన పదిరోజులకి పోస్టుకార్డు ముక్క ఒకటి వచ్చింది. "అయ్యా, వాళ్ళది కాలిఫోర్నియాలో ఎల్ సెరిటో. మిసిసిపీకి అక్కడి నుంచి సుమారు మూడువేల కిలోమీటర్లు. దయచేసి అట్లాసు చూడగలరు." సంతకం లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా డెస్క్ సొరుగులో ఉంది.

నిజమే. పాటలు రాసి పాడే జాన్ ఫోగర్టీ, అతని మిత్రులు స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ ముగ్గురూ ఎల్ సెరిటోలో ఒకే బడి పిల్లలు. 1959లో బ్లూ వెల్వెట్స్ అని మొదలుపెట్టారు. జాన్ అన్న టామ్ వచ్చి కలిశాడు. తర్వాత ఫ్యాంటసీ అనే రికార్డు కంపెనీ వాళ్ళని తీసుకుని, అడక్కుండానే గాలివాగ్స్ అని పేరు మార్చింది. ఆ పేరు వాళ్ళకి నచ్చలేదు. 1967లో సాల్ జాంట్స్ ఆ కంపెనీ కొన్నాక కొత్త పేరు పెట్టుకున్నారు. అందులో క్రీడెన్స్ అనేది టామ్‌కి తెలిసిన ఒకాయన పేరు నుంచి, క్లియర్‌వాటర్ ఒక బీరు ప్రకటన నుంచి వచ్చాయి. రివైవల్ మాత్రం వాళ్ళ సొంత ఆశ. 1969లో ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు తెచ్చారు.

ఇప్పుడు వాళ్ళ 'ప్రౌడ్ మేరీ' పాట దగ్గర కూర్చో. సాహిత్యం తెరిచి పెట్టుకోకు. చెవులు చాలు. మొదట్లో గిటార్ పైనుంచి కిందికి ఒకసారి తోస్తుంది, మళ్ళీ అదే తోపు, మూడోసారి ఇంకా కిందికి జారిపోతుంది. బీథోవెన్ అయిదో సింఫనీ ఎత్తుగడ మనసులో ఉందని ఫోగర్టీ చెప్పుకున్నాడు. ఆ ఊపు వింటుంటే పడవ చక్రం తిరుగుతున్నట్టు అనిపించిందట. అంటే పడవ వల్ల రాగం పుట్టలేదు, రాగం వల్ల పడవ వచ్చింది. ఆ పడవ పేరైతే అంతకు ముందే ఉంది. పాటలకి పనికొచ్చే పేర్లు రాసుకోవడానికి ఒక చిన్న నోట్‌బుక్ కొని, అందులో మొట్టమొదట రాసింది 'ప్రౌడ్ మేరీ' అని. ఆవిడెవరో అప్పటికి అతనికే తెలీదు. ఇళ్ళలో పనిచేసుకునే మనిషేమో అనుకున్నాడు.

మరి పాట మొదట్లో, పట్నంలో మంచి ఉద్యోగం వదిలేశాను అంటాడే, అదెక్కడిది? ఫోగర్టీ అప్పట్లో ఆర్మీ రిజర్వ్‌లో ఉన్నాడు. వియత్నాం యుద్ధం ముదిరిన రోజులు. 1968లో అతని అపార్ట్‌మెంట్ మెట్ల మీద ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు ఒకటి పడి ఉంది. కొన్నాళ్ళు దాన్ని దాటుకుంటూ తిరిగాడు. ఒకరోజు వంగి చూస్తే దాని మీద తన పేరే ఉంది. లోపల డిశ్చార్జి కాగితాలు. పచ్చిక మీద పిల్లిమొగ్గలు వేసి, ఇంట్లోకి వెళ్ళి గిటార్ అందుకున్నాడు. ఆ విడుదల సంతోషమే పాటలోకి ఉద్యోగం మానేసినవాడి సంతోషంగా వచ్చింది. నీ వ్యాసంలో ఈ పాట గురించి "స్వేచ్ఛకు ప్రతీక" అని రాశావు. ప్రతీక దాకా ఎందుకమ్మాయ్, కవరు ఉంది కదా.

ఇంకోటి విను. పల్లవిలో టర్నింగ్, బర్నింగ్ అనే మాటల్ని అతను 'టోయ్‌నిన్', 'బోయ్‌నిన్' అన్నట్టు పలుకుతాడు. కాలిఫోర్నియా కుర్రాడు మామూలుగా అలా మాట్లాడడు. హౌలిన్ వుల్ఫ్ లాంటి బ్లూస్ (అమెరికా నల్లవాళ్ళ సంగీతం) గాయకుల్ని వినీ వినీ నాలుకకి పట్టిన పలుకు అది. గుంటూరు కుర్రాడెవరో ఎన్నడూ చూడని శ్రీకాకుళం యాసలో పాడితే శ్రీకాకుళం వాళ్ళు కూడా మావాడే అనుకున్నట్టు. ఇది మోసమా, కళా అని నువ్వు తేల్చక్కర్లేదు. ఆ రెండు మాటలు ఎలా పలికాడో రాస్తే చాలు, చదివేవాడు తేల్చుకుంటాడు.

నవ్వొచ్చే విషయం కూడా ఒకటుంది. 'బ్యాడ్ మూన్ రైజింగ్' పల్లవిలో 'బ్యాడ్ మూన్ ఆన్ ద రైజ్' అన్న మాట లక్షలమందికి 'బాత్‌రూమ్ ఆన్ ద రైట్' అని వినిపించింది. తర్వాత్తర్వాత ఫోగర్టీయే స్టేజి మీద కావాలని అలా పాడేవాడు. అసలా పాట తుఫాన్లు, వరదలు, చావు గురించి. బాణీ మాత్రం పెళ్ళి ఊరేగింపులా గెంతుతూ ఉంటుంది. మాటలొక దారి, బాణీ ఇంకో దారి పట్టినప్పుడు దాని మీద ఒక పేరా రాయొచ్చు. నువ్వు రాయలేదు.

లెక్కల విషయంలోనూ జాగ్రత్త. "వరుసగా నంబర్ వన్ హిట్లు" అన్నావు. అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో సీసీఆర్‌కి ఒక్క నంబర్ వన్ కూడా లేదు. అయిదు రికార్డులు రెండో స్థానం దాకా వెళ్ళి ఆగిపోయాయి. 'గ్రీన్ రివర్' పైన కూర్చున్నది 'షుగర్ షుగర్', ఆర్చీస్ అనే కార్టూన్ బ్యాండ్ పాట. మన పిల్లలు చదివే ఆ ఆర్చీ కామిక్స్ వాళ్ళే! నువ్వు రాసిన అబద్ధం కంటే ఈ నిజం ఎంత రుచిగా ఉందో చూడు.

1969 నాటి పెద్ద సంగీతోత్సవం వుడ్‌స్టాక్ గురించి ఒక వాక్యం చాలు. అర్ధరాత్రి దాటాక వాళ్ళ వంతు వచ్చింది, జనం సగం నిద్రలో ఉన్నారు. ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో తమ ప్రదర్శన పెట్టడానికి ఫోగర్టీ ఒప్పుకోలేదు. అందుకే వాళ్ళు అక్కడ పాడిన సంగతే చాలామందికి తెలీదు.

'ఫార్చునేట్ సన్' పేరా బాగుంది, ఉంచు. కాకపోతే ఒక సంగతి కలుపు. పెద్దవాళ్ళ పిల్లలు యుద్ధానికి పోకుండా తప్పించుకుంటారనే కోపంతో రాసిన పాట అది. అధ్యక్షుడు నిక్సన్ కూతురు మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవణ్ణి పెళ్ళాడినప్పుడు ఆ కోపం రాజుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఒక జీన్స్ కంపెనీ ప్రకటనలో జెండా ఊపే మొదటి మాటల దగ్గరే పాట కత్తిరించేసరికి అది దేశభక్తి గీతమై కూర్చుంది. ఎక్కడ కత్తిరించారో చూపిస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. "విభేదాలతో విడిపోయారు" అనే మాట మీద నేను రెండు గీతలు పెట్టాను. ఏ విభేదాలు? పాటలు రాయడం, పాడడం, నిర్మించడం అన్నీ జాన్ ఒక్కడే చేసేవాడు. 1971లో అన్న టామ్ విసిగి వెళ్ళిపోయాడు. 1972లో వచ్చిన చివరి ఆల్బమ్ 'మార్డి గ్రా'లో స్టూ, డగ్ కూడా పాటలు రాసి పాడారు. మేమడిగింది అది కాదు, జానే బలవంతపెట్టాడు అని వాళ్ళంటారు. వాళ్ళే పట్టుబట్టారని జాన్ అంటాడు. నేనైతే జాన్ పాటలకి దాసుణ్ణి, కానీ ఈ విషయంలో అతన్ని పూర్తిగా నమ్మను. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి బ్యాండ్‌ని తీసుకున్న రాత్రి, పాత మిత్రులతో కలిసి వాయించడానికి అతను ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరినీ పక్కనపెట్టి, వేరేవాళ్ళతో కలిసి ఆ పాటలు వాయించాడు. టామ్ 1990లోనే పోయాడు, తమ్ముడితో సరిగ్గా రాజీ పడకుండానే. అభిమానులు దాచిపెట్టే సంగతులివి. నువ్వు రాయాలి.

కంపెనీతో గొడవ ఇంకోటి. ఒప్పందం ప్రకారం పాటల హక్కులు ఫ్యాంటసీవి. దాని నుంచి బయటపడడానికి ఫోగర్టీ తన పాత రికార్డుల రాయల్టీలు కూడా వదులుకున్నాడు. 1984 చివర్లో 'ద ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్' అనే కొత్త పాట తెస్తే, 1970 నాటి 'రన్ త్రూ ద జంగిల్'ని కాపీ కొట్టాడని కంపెనీ కేసు వేసింది. పాతదీ అతనే రాశాడు, కొత్తదీ అతనే రాశాడు! 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణ. గిటార్ పట్టుకుని బోనులో కూర్చుని, తన పాటలు ఎలా పుడతాయో జ్యూరీకి వాయించి చూపించాడు. గెలిచాడు. లాయర్ ఫీజుల కోసం మళ్ళీ పోరాడితే 1994లో సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా అతని వైపే తీర్పిచ్చింది. ఎన్నడూ చూడని ఊరి గొంతు ఒకటి తయారుచేసుకున్నాడు కదా, చివరికి అది తనదేనని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ కోపంలో ఏళ్ళ తరబడి పాత పాటలు పాడనే లేదు. 1987లో ఒక క్లబ్బులో బాబ్ డిలన్ అతన్ని కదిపాడు. నువ్వు పాడకపోతే 'ప్రౌడ్ మేరీ' టీనా టర్నర్ పాటే అనుకుంటారు జనం అన్నాడట. (టీనా పాడిందీ విను. నెమ్మదిగా మొదలుపెట్టి మధ్యలో గేరు మారుస్తుంది.) 1990 ప్రాంతంలో ఫోగర్టీ మిసిసిపీ రాష్ట్రానికి వెళ్ళాడు. పాతకాలం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ సమాధి అని చెప్పే చోట నిలబడ్డాడు. ఈయన పాటల హక్కులు ఇప్పుడు ఏ లాయర్ దగ్గరున్నా పాటలు ఈయనవే కదా అనిపించింది. మరి నావి? అనుకున్నాడు. అక్కణ్ణుంచి మళ్ళీ పాడడం మొదలైంది. ఆ హక్కుల్లో పెద్ద వాటా 2023లో చేతికొచ్చేసరికి అతనికి 77 ఏళ్ళు.

నీకొక పని చెబుతాను. 'గ్రీన్ రివర్' వినగానే లూసియానా అనుకుంటారు. ఆ పేరు చిన్నప్పుడు సోడా దుకాణంలో చూసిన ఒక సిరప్ సీసా మీదిది. వాగేమో మీ కాలిఫోర్నియాలోదే, విన్టర్స్ ఊరి పక్కన పారే ప్యూటా క్రీక్. చిన్నప్పుడు వేసవిలో అమ్మానాన్నలతో అక్కడికి వెళ్ళేవాడు. నువ్వు ఉండే ఫ్రీమాంట్ నుంచి ఎల్ సెరిటోకి బార్ట్‌లో రైలు మారక్కర్లేదు. ప్యూటా క్రీక్‌కి మాత్రం కారు కావాలి. మీ ఆయన్ని ఒప్పించి ఒక ఆదివారం వెళ్ళు. ఫోన్‌లో ఫోటోలు తర్వాత, ముందు ఒడ్డున కూర్చుని ఆ పాట ఒకసారి పెట్టుకో. పాటలో ఉన్నవి అక్కడ ఏమున్నాయో, ఏం లేవో చూడు. ఇంటికొచ్చిన రాత్రే రెండు పేజీలు రాయి. నీళ్ళు నిజంగా పచ్చగా ఉన్నాయో లేదో మర్చిపోకుండా రాయి. నలభై ఏళ్ళుగా నాకా సందేహం అలాగే ఉంది.

పాపకి ముద్దులు. వ్యాసం గడువు అడిగావు, తొందరేం లేదు.

ఇట్లు,
మీ మాస్టారు