సాంచెల ఇంటి అబ్బాయికి ఏ బ్రాంచ్?

ప్రశ్న: మాది సోలాపూర్. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలం. ఎనిమిది సాంచెలు (మరమగ్గాలు) ఉన్నాయి, టవళ్లు నేస్తాం. మా అబ్బాయి పన్నెండో తరగతి అయిపోయింది. చదువుకోరా అంటే షెడ్డులో తెగిన పోగులు అతుకుతూ కూర్చుంటాడు. ఇప్పుడు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ అంటున్నాడు. నేను పుణెలో ఏఐ బ్రాంచ్ చేయమంటున్నాను. చచ్చిపోయిన ఊరిని నమ్ముకుంటే ఏమొస్తుంది? రెండు కోర్సులూ పోల్చి చెప్పండి.

జవాబు: ఇలాంటి ప్రశ్నలు నాకు సాంచెలు నడిచే సిరిసిల్ల నుంచీ, భివండీ నుంచీ వస్తూనే ఉంటాయి. నేను పడ్డ కష్టం నా కొడుకు పడకూడదనే భయమే అన్నిటిలోనూ ఉంటుంది. అందులో తప్పు లేదు. కానీ ‘చచ్చిపోయిన ఊరు’ అన్నారు చూడండి, అక్కడ నాకు కోపం వచ్చింది.

1877లో మొదలైన మీ జూనీ మిల్లు మూతపడింది. తర్వాత మిగతా పెద్ద మిల్లులూ పోయాయి. నిజమే. అయినా మీవాళ్లు ఇంటి పక్క షెడ్లలో సాంచెలు వేసుకున్నారు, ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు గడిపారు. సోలాపూర్ చద్దర్‌కీ, మీరు నేసే టెర్రీ టవల్‌కీ భౌగోళిక గుర్తింపు ఉంది. 1930 మేలో గాంధీజీని అరెస్టు చేస్తే మిల్లు కార్మికులు రోడ్డెక్కారు, చివరికి ఊళ్లో మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాల్సి వచ్చింది. ఆ గొడవల కేసులో 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీసిన మీ ఊరి నలుగురి పేరు మీదే కదా మీ చార్ హుతాత్మా చౌక్ (నలుగురు అమరుల కూడలి)! చావడం అంత తేలికైన ఊరు కాదది.

అలాగని గొప్పలు చెప్పను. కరెంటు బిల్లు, నూలు ధర, పానిపట్ నుంచి వచ్చే చవక దుప్పట్లు... ఇవన్నీ మీకే బాగా తెలుసు. పాత సాంచెల మీదే కూర్చుంటే అబ్బాయికీ మీ తిప్పలే. అయితే తను చదువుతానంటున్నది వేరు: షటిల్ లేని రేపియర్ మగ్గాలు, బట్టలో డిజైన్లు నేసే ఎలక్ట్రానిక్ జాకార్డ్, నూలు పరీక్ష, రంగు పోకుండా అద్దడం.

ఇక ఏఐ. ఆ పేరు పెడితే సీట్లు నిండుతాయని కాలేజీలకు తెలుసు. చాలాచోట్ల మొదటి రెండేళ్లు మామూలు కంప్యూటర్ సైన్సే, పాఠాలు చెప్పేదీ ఆ లెక్చరర్లే. బోర్డు చూసి చేర్చేముందు ల్యాబ్ చూడండి, సీనియర్లకు ఏ ఉద్యోగాలు వచ్చాయో అడగండి. నాలుగేళ్ల తర్వాత ఆ గిరాకీ ఎలా ఉంటుందో నేనైతే హామీ ఇవ్వలేను. అసలు మీ అబ్బాయికి లెక్కలు, కోడింగ్ ఇష్టమేనా? అంత రాసి ఆ ముక్క ఒక్కటే వదిలేశారు! పోగులు అతుకుతాడన్నది మాత్రం ఫిర్యాదులా రాశారు. నాకది ఫిర్యాదులా కనిపించలేదు.

పోల్చమన్నారు కాబట్టి ఒక్క మాట: మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లోనే ఎక్కువ ఉండొచ్చు. టెక్స్‌టైల్ అయితే పెద్దగా పోటీ లేకుండా మంచి కాలేజీ దొరికే అవకాశం ఉంది. ముంబైలో వీజేటీఐ, ఇచల్‌కరంజిలో డీకేటీఈ చూడండి. ఇష్టం లేని బ్రాంచ్‌లో బ్యాక్‌లాగ్‌లు పెట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను, టెక్స్‌టైల్ చదివి తర్వాత సాఫ్ట్‌వేర్‌కి మారినవాళ్లనూ చూశాను. టెన్షన్ పడకండి, ఏ దారీ మూసుకుపోదు.

ఆప్షన్ ఫారం నింపేలోపు ఒకరోజు సాంచెలు ఆపి, అబ్బాయితో ఇచల్‌కరంజి వెళ్లిరండి. కాలేజీ ల్యాబ్, రేపియర్ మగ్గాలు నడిచే షెడ్డు చూడండి. అక్కడ మీరు మాట్లాడకండి, అడగాల్సినవి తననే అడగనివ్వండి.