అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లకు జుట్టు మందులు అమ్మిన మేడమ్ వాకర్ కంటే ముందు ఆ వ్యాపారంలో ఇంకెవరైనా ఉన్నారా?

ఉన్నారండీ. ఆనీ టర్న్‌బో మలోన్. తలకు రాసే మందులు అమ్మి కోటలాంటి ఇల్లు కట్టిన మేడమ్ సి.జె. వాకర్ పేరు మీరు విన్నారు కదా, ఆవిడ ఈ పనిలోకి దిగిందే ఆనీ మలోన్ దగ్గర ఏజెంటుగా.

నేను సెయింట్ లూయిస్‌ వచ్చి పదకొండేళ్లయింది. చాలాకాలం ఈ పేరే వినలేదు. ఒక మే నెల ఆదివారం మా ఆఫీసులో పనిచేసే నల్లజాతి ఆవిడ "పిల్లల్ని తీసుకుని రా, పెరేడ్ చూద్దురుగాని" అంది. డ్రమ్ముల మోతకి మావాడు రెండు చెవులూ మూసుకుని నా వెనక నక్కాడు. బ్యానర్ మీద ఆనీ మలోన్ పేరు. ఎవరీవిడ అని అడిగితే, "మా అమ్మమ్మ చేతిలో సొంత డబ్బు పడింది ఈవిడ వల్లే" అంది.

ఆనీ 1869లో ఇల్లినాయిలోని మెట్రోపొలిస్‌లో పుట్టింది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. జుట్టు మందు తయారుచేసి 1902లో సెయింట్ లూయిస్‌ చేరింది. ఇంటింటికీ తిరిగి, ముందు ఊరికే తలకు రాసి చూపించి, తర్వాత అమ్మేది. 1906లో "పోరో" అనే పేరు రిజిస్టర్ చేయించుకుంది.

అసలు ఈ మందుకి అంత గిరాకీ ఎందుకో నాకు మా నానమ్మ వల్ల తెలిసింది. ఆదివారం తలంటంటే బావినీళ్లు తోడాలి, కాగులో కాచాలి, కుంకుడుకాయలు కొట్టి నానబెట్టాలి. పొద్దంతా అదే పని. అప్పటి నల్లజాతి ఇళ్లలో చాలావాటికి కుళాయి లేదు. తలస్నానం ఏ నెలకో ఒకసారి, అదీ గాఢమైన క్షారపు సబ్బుతో. మాడంతా పుళ్లు పడి జుట్టు ఊడిపోయేది.

బట్టలు ఉతికి బతికే సారా బ్రీడ్‌లవ్‌కీ అలాగే ఊడింది. తర్వాత మేడమ్ వాకర్ అయింది ఈవిడే. 1867లో లూసియానాలో పుట్టిన ఆవిడ ఇరవై ఏళ్లకే భర్తను పోగొట్టుకుంది. చిన్న కూతురితో సెయింట్ లూయిస్ వచ్చింది. 1905లో డెన్వర్ వెళ్లి, మరుసటేడు చార్లెస్ వాకర్‌ని పెళ్లాడి, ఆ ఇంటిపేరుతోనే సొంత సరుకు మొదలుపెట్టింది. అందులో ప్రధానంగా గంధకం, పెట్రోలియం జెల్లీ. 1910కి ఇండియానాపొలిస్‌లో స్థిరపడింది. (వేడిచేసి జుట్టు సాఫీ చేసుకునే దువ్వెన ఆవిడే కనిపెట్టిందని రాస్తుంటారు, అది నిజం కాదు.) 1919లో పోయింది.

ఆనీ, వాకర్‌లలో ఎవరు ముందు మిలియనీర్ అయ్యారన్న లెక్క నాకు ముఖ్యం కాదు. ఇంకొకరి ఇంట్లో బట్టలుతకడం, వంట చేయడం తప్ప వేరే దారి లేని వేలమంది ఆడవాళ్లకు వీళ్లిద్దరూ చేతిపని నేర్పి, సరుకిచ్చి, సంపాదించుకోమన్నారు. నాకు అదే పెద్ద విషయం. ఆనీ 1918లో కట్టిన పోరో కాలేజీలో ఫ్యాక్టరీ, క్లాసులు, హాస్టలు, ఆడిటోరియం అన్నీ ఉండేవి. నల్లజాతి వాళ్లను హోటళ్లు రానివ్వని రోజుల్లో సభలకు, విందులకు ఊళ్లో వాళ్లకు అదే చోటు. 1927లో విడాకుల గొడవలో భర్త వ్యాపారంలో సగం అడిగాడు. రెండు లక్షల డాలర్లిచ్చి వ్యాపారం నిలబెట్టుకుంది. 1930లో షికాగో వెళ్లిపోయింది.

మా సహోద్యోగి వాళ్ల అమ్మమ్మ రాసుకున్న చిన్న నోటుబుక్కు తెచ్చి చూపించింది. పెన్సిలుతో ఖాతాదారుల పేర్లు, పక్కన ఇవ్వాల్సిన సెంట్లు, తీర్చినవాళ్ల పేరు మీద అడ్డగీత. చివరి పేజీల్లో గీతలే ఎక్కువ. కాలేజీ భవనం ఇప్పుడు లేదు. ఆనీ డబ్బిచ్చి కట్టించిన అనాథ పిల్లల ఇల్లు మాత్రం ద విల్ పేటలో ఉంది, ఆ వీధికి ఆవిడ పేరే పెట్టారు. ఇటువైపు వస్తే మే నెలలో రండి, పెరేడ్ చూడొచ్చు.