వింగ్‌లో ఒక మనిషిని కూర్చోబెట్టుకో

బాబూ,

నీ నాటకం రెండుసార్లు చదివాను. చర్చిలో పూజకి సాయపడే పీఠ సేవకుడైన తొమ్మిదేళ్ల పిల్లవాడు, విచారణ గురువు (ఆ చర్చి ఫాదర్) గది, లోపల గొళ్లెం పడిన చప్పుడు. చదివాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఇది నీ కథ, ఆడేదీ నువ్వే. అందుకే నటన కంటే ముందు నీ సంగతి మాట్లాడాలి.

మూడో దృశ్యం తీసెయ్. ఆ గదిలో జరిగింది ఎవరికీ చూపించక్కర్లేదు. నువ్వే రాశావు చూడు: చొక్కాకి పట్టిన సాంబ్రాణి వాసన పోవాలని బావి దగ్గర మళ్లీ మళ్లీ ఉతకడం, "సబ్బంతా అరగదీశావేంట్రా" అని అమ్మ కసరడం. అది చాలు. చొక్కా పిండే ఆ చేతుల్ని చూస్తే హాలంతటికీ అర్థమవుతుంది. అక్కడ తొందరపడకు. చుక్క రాలడం ఆగేదాకా పిండు.

మనమంతా దుర్యోధనుడి ఏకపాత్రలతో పెరిగినవాళ్లం. చివరి మాట సాగదీసి, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగడం ఒంట్లో ఇంకిపోయింది. ఇక్కడ అలా ఆగావా, పిల్లవాడు పోయి నటుడు మిగులుతాడు.

ఐర్లండ్‌లో గెరార్డ్ మానిక్స్ ఫ్లిన్‌ని పదకొండేళ్లకే లెటర్‌ఫ్రాక్‌లో క్రైస్తవ మత సోదరులు నడిపే పారిశ్రామిక పాఠశాలలో, అంటే పిల్లల్ని నిర్బంధించి ఉంచే చోట, వేశారు. పెద్దయ్యాక 'జేమ్స్ ఎక్స్' అనే ఏకపాత్ర నాటకం రాసి తానే ఆడాడు. కోర్టు గది బయట పిలుపు కోసం కూర్చున్న మనిషి కథ అది. నాటకమంతా గలగలా మాట్లాడి, చివర ఆ హడావుడంతా వదిలేసి, తన వాంగ్మూలం మామూలు గొంతుతో చదువుతాడు. అలాంటి పాఠశాలల్లో పిల్లలు పడ్డ హింస మీద విచారణ కమిషన్ నివేదిక 2009లో గానీ రాలేదు. నాటకం అంతకు ముందే వచ్చింది. నీ చివరి పేజీకి ఆ మామూలు గొంతు కావాలి.

కష్టమైన భాగం రిహార్సల్లో రోజుకి ఒక్కసారే చెయ్. ఇలాంటి కథే ఉన్న ఒకమ్మాయి చేత నేను వరసగా మూడుసార్లు చేయించాను. మూడోసారి మాట ఆగిపోయి, చేతులు చల్లబడి, నేలమీద కూలబడింది. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధిస్తుంది. అప్పట్నుంచి వింగ్‌లో, అంటే స్టేజి పక్క తెర చాటున, ఒక మనిషి లేకుండా నేనెవర్నీ ఇలాంటిది ఆడనివ్వలేదు. నువ్వు మెడ మీద చెయ్యి పెడితే లైట్లు ఆరిపోవాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నావుగా, ప్రదర్శన తేదీలు ముందే చెప్పు. అమ్మకి కూడా. ఆవిడకి ఈ సంగతి హాల్లో తెలియకూడదు నాయనా.

ఊరూ పేరూ మార్చు. కేసు పెట్టే ఆలోచన ఉంటే మొదటి ప్రదర్శనకి ముందే లాయరుని కలువు. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం అమల్లోకొచ్చింది 2012 నవంబరు 14న. అంతకు ముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతి వర్తిస్తుంది.

నాటకం అయ్యాక ఎవరో ఒకరు తెర వెనక్కి వస్తారు, తమ కథ చెప్పడానికి. అది చిన్నపిల్లలైతే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. సంగతి తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలని చట్టం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు దగ్గర పెట్టుకో.

ఇంకో రకంవాళ్లూ వస్తారు. నీ బాధ మీద ప్రేమ లేదు వాళ్లకి, ఆ మతం మీద కక్ష. వాళ్ల వేదికలు ఒప్పుకోకు. నీ కథలో దివ్యబలి పూజకి నీ పక్కనే మోకరిల్లే అమ్మ కూడా ఉంది.

మూడో దృశ్యం తీసేసిన ప్రతి పంపు. మొదటి రిహార్సల్ ఎప్పుడో చెప్తే బస్సెక్కి వస్తాను. వింగ్‌లో కుర్చీ నాకు వెయ్యి.