నగదు కట్టినా కార్డు మీద మళ్లీ అద్దె వేశారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా అబ్బాయి కౌలాలంపూర్ వెళ్లి ఒక చవక హాస్టల్‌లో మూడు రాత్రులు ఉన్నాడు. బుకింగ్ సైట్‌లో నా క్రెడిట్ కార్డు నంబరు ఇచ్చాం. అక్కడ దిగాక నగదే కావాలన్నారట, కట్టేశాడు. వారం తర్వాత నా కార్డు మీద కూడా అద్దె పడింది. బ్యాంకును అడిగితే ‘కార్డు వివరాలు ఇచ్చింది మీరే, మాకేం సంబంధం?’ అంటున్నారు. ఇక్కడ కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండీ. అయితే అంతదాకా వెళ్లకుండానే తేలే అవకాశం ఉంది.

ముందు మీవాడు కట్టిన నగదు దేనికో కనుక్కోండి. మలేషియాలో విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను తీసుకుంటారు. చాలాసార్లు అది బుకింగ్ ధరలో కలవదు, కౌంటర్ దగ్గరే కట్టించుకుంటారు. తాళం చెవికి డిపాజిట్ కూడా అడుగుతుంటారు. నగదు ఈ రెంటికే అయితే అద్దె రెండుసార్లు కట్టినట్టు కాదు.

నిజంగానే రెండుసార్లు కట్టి ఉంటే, బ్యాంకు మాట సగమే సరైనది. కార్డు వివరాలు మీరే ఇచ్చారు కాబట్టి ‘ఫ్రాడ్’ అని రాస్తే నిలబడదు, పైగా కార్డు బ్లాక్ చేస్తారు. చాలామంది చేసే పొరపాటే ఇది. ‘ఇదే అద్దె వేరే మార్గంలో చెల్లించాను’ అని బ్యాంకుకు రాతపూర్వకంగా డిస్ప్యూట్, అంటే ఆ పద్దు మీద అభ్యంతరం, వేయండి. వీసా, మాస్టర్‌కార్డు నిబంధనల్లో ఛార్జ్‌బ్యాక్‌కు, అంటే వ్యాపారి నుంచి బ్యాంకు ఆ డబ్బు వెనక్కి తెప్పించడానికి, ఇది గుర్తింపు ఉన్న కారణం. గడువు సాధారణంగా 120 రోజులు. కార్డు మీది కాబట్టి డిస్ప్యూట్ మీ పేరు మీదే ఉండాలి. రసీదు అబ్బాయి పేరున ఉంటే బుకింగ్ కాపీ జతచేయండి. ఈలోగా బిల్లు మాత్రం ఆపొద్దు, వడ్డీ పడుతుంది.

అంతా నగదు రసీదు మీదే ఉంది. అది లేదా? హాస్టల్‌కు వాట్సాప్‌లో అబ్బాయి చేత మర్యాదగా ఒక మెసేజ్ పెట్టించండి: ‘ఫలానా తేదీన ఇంత నగదు కట్టాను, కార్డు మీద కూడా తీసుకున్నారు, వాపసు చేయండి.’ నగదు అందిందని వాళ్లు ఒక్క ముక్క రాసినా మీకు సాక్ష్యం దొరికినట్టే. ఆ రోజు మనీ ఛేంజర్ ఇచ్చిన చీటీ, ఏటీఎం స్లిప్పు తోడుకు పనికొస్తాయి గానీ, వాటితోనే రుజువు కాదు.

బ్యాంకు తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు.

అక్కడా తేలకపోతే అప్పుడు కేసు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు ఉండదు. బ్యాంకుతో పాటు బుకింగ్ సైట్‌నూ ప్రతివాదిగా చేర్చండి. ఇక్కడ ఆఫీసు లేకపోయినా, మన దేశంలోని వినియోగదారులకు సేవలు అమ్మే సైట్లకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. హాస్టల్‌ను మాత్రం వదిలేయమంటాను. మలేషియాకు నోటీసు పంపి, రేపు ఉత్తర్వు వచ్చినా అక్కడ అమలు చేయించుకునే ఖర్చు ముందు మూడు రాత్రుల అద్దె ఏపాటి?

వరస మాత్రం తప్పొద్దు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అదే విషయంపై అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ఈరోజే బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడక్కుండానే డబ్బు తీసుకుంటాయి.