చలినేల మీద జూ కడుతున్న మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు ప్లానెట్ జూ అనే కంప్యూటర్ ఆటలో టండ్రా అనే చలినేల మీద జూ కడుతుందట, అదీ ఛాలెంజ్ మోడ్‌లోనట, మొదటి రోజు నుంచీ లైవ్‌లో చూపిస్తుందట" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం బెంగ. ఏడేళ్లప్పుడు నా ఒళ్లో కూచుని, మౌస్ లాక్కుని జీబ్రాల కంచె తీసేసిన పిల్లవి. ఇవాళ డబ్బు లెక్క చూసుకుంటూ జూ నడుపుతానంటే పొంగిపోక ఏం చేస్తాను? కానీ టండ్రా అనగానే నా పాత తప్పొకటి కళ్ల ముందుకొస్తుంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని విసుక్కోకు. లైవ్ మొదలుపెట్టే ముందు మాత్రం చివరిదాకా చదువు.

తేలిక సంగతులు ముందే చెప్పేస్తాను. చలిదేశపు జంతువులతోనే మొదలుపెట్టు. వేడిదేశపు జంతువుని తెచ్చావంటే దానికి హీటర్లు, హీటర్లకి కరెంటు, కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్, అలా ఒకదాని వెనక ఒకటి డబ్బు తినేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లూ సిబ్బంది గదులూ జనం నడిచే దారికి దూరంగా పెట్టు, అవి దగ్గర్లో ఉంటే వాళ్ల సంతోషం తగ్గుతుంది. కట్టేటప్పుడు పాజ్ చెయ్యి. చెత్తబుట్టలు మర్చిపోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా మనుషుల గురించి.

జంతువు మీద క్లిక్ చేస్తే దానికి ఎంత చలి కావాలో, ఎంత మంచునేల కావాలో, ఎంతమంది తోడుండాలో అన్నీ చెప్పేస్తుంది ఆ ఆట. మనిషి మీద క్లిక్ చేస్తే ఆకలి, దాహం, అలసట, టాయిలెట్, ఒక్కోటీ ఎంతుందో గీతల్లో చూపిస్తుంది. చలినేల జూలో ఆ గీతల వెనక ఉన్నది కూడా నువ్వే ఊహించుకోవాలి. ధ్రువపు ఎలుగునే తీసుకో. నల్లటి చర్మం, దాని మీద రంగులేని బోలు వెంట్రుకలు, చర్మం కింద పది సెంటీమీటర్ల దాకా కొవ్వు. దానికది ఇల్లు. దాన్ని చూడ్డానికి వచ్చినవాడు మాత్రం రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మెడ లోపలికి ముడుచుకుని నిలబడతాడు. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. అలాంటి చోట ఒక నిమిషం ఎక్కువ నిలబెట్టడమంటే ఏమిటో ఆలోచించు.

ఇక నా తప్పు చెప్తాను. దీన్ని మాత్రం గబగబా చదివెయ్యకు.

ఆట 2019 నవంబరులో వచ్చింది. డిసెంబరులో దానికి విడిగా కొనుక్కునే అదనపు భాగం, ఆర్కిటిక్ ప్యాక్ వచ్చింది. ధ్రువపు ఎలుగు, రెయిన్‌డీర్, ఆర్కిటిక్ తోడేలు, డాల్ గొర్రె, మొత్తం నాలుగు జంతువులు. కొన్న రాత్రే టండ్రా మ్యాప్ తెరిచాను. గేటుకి ఎదురుగా, దూరంగా ఒక కొండని లేపి, దాని నెత్తిన ఎలుగు ఎన్‌క్లోజర్ పెట్టాను. కింద నుంచి పైదాకా మెలికలు తిరిగే దారి వేశాను. ఒక పక్క లోయ, ఒక పక్క మంచు. ఆ దారి మీద ఇంకేమీ పెట్టలేదు. బెంచీ పెడితే ఆ తెల్లదనం చెడిపోతుందనిపించింది. కొట్లన్నీ గేటు దగ్గరే పెట్టాను, పైన పెడితే అమ్మేవాళ్లకి మళ్లీ జీతాలని. కెమెరాని ఆకాశంలోకి ఎత్తి ఆ దారిని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

గేటు తెరిచాను. జనం వచ్చారు. సగం కొండ ఎక్కి ఆగిపోయారు. చాలామంది చుట్టూ ఒకసారి చూసి వెనక్కి తిరిగారు. పైకి చేరినవాళ్లు కూడా అద్దం ముందు నిలవలేదు. డొనేషన్ బాక్సులు ఖాళీ. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? ఒక్క ఎలుగు చాల్లేదనిపించింది. అప్పు చేసి రెండో ఎలుగుని తెచ్చాను. ఎన్‌క్లోజర్ పెంచాను. నీటిగుంట లోతు చేశాను. పక్కనే తోడేళ్లని పెట్టాను. జనం ఇంకా తగ్గారు. టికెట్ ధర తగ్గించాను. వారం రోజులు రాత్రుళ్లు ఇదే పని. జంతువుల గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. నా ఖాతా మాత్రం ఎర్రగా ఉంది. లోపం ఎక్కడుందో తెలియక, ఉన్నదానికే ఇంకా ఇంకా కలుపుతూ పోయాను.

ఆ రోజుల్లో మీ తాతయ్యకి మోకాళ్ల నొప్పులు. సాయంత్రం పూట నా పక్కన కుర్చీ వేసుకుని తెర కేసి చూస్తూ కూచునేవారు. ఆట ఆయనకి పట్టదు, నేనున్నానని కూచునేవారు. ఒకరోజు తెర మీద వేలు పెట్టి, "ఈయన వెనక్కి వెళ్లిపోతున్నాడేమ్మా?" అన్నారు. క్లిక్ చేసి చూస్తే ఆ మనిషి ఓపిక అడుగంటిపోయి ఉంది. "అలసిపోయాడు నాన్నా" అన్నాను. "మరి కూచోడానికి చోటేదీ?" అన్నారు.

అంతే అడిగారు. నేను కెమెరాని నేల దాకా దించి, గేటు దగ్గర్నుంచి కొండ మీదకి ఒక్కో మలుపే దాటుకుంటూ వెళ్లాను. ఎక్కడా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా తట్టింది. అప్పటికి ఆర్నెల్లుగా నాన్న సాయంత్రం నడక మానేశారు. రమ్మంటే "మీరు వెళ్లండమ్మా" అనేవారు. ఆయనకి మనసు లేదనుకున్నాం, నేనూ మీ నాన్నా. మర్నాడు పట్టుబట్టి ఆయనతో కలిసి నడిచాను. కాస్త దూరం వెళ్లాక ఒక గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. ముందుకి చూశారు, వెనక్కి చూశారు. కూచోడానికి ఏమీ లేదు. ఇంటికి తిరిగొచ్చే ఓపిక మిగులుతుందో లేదోనన్న భయంతో ఆయన నడక మానుకున్నారే చిన్నీ, ఇష్టం లేక కాదు. ఆ మర్నాటి నుంచి ఒక మడత స్టూలు నేనే మోసుకెళ్లేదాన్ని. ఆయన బతికున్న చివరి రెండేళ్లూ ఆ స్టూలు నా భుజానే ఉంది.

అందుకే చెప్తున్నాను. జంతువుని తెచ్చేముందు బెంచీ పెట్టు. నీ జూ అందంగా ఉందో లేదో పైనుంచి చూసి నిర్ణయించకు. 2004లో వచ్చిన జూ టైకూన్ అనే ఇంకో ఆట రెండో భాగంలో మనమే సందర్శకుల్లా నేల మీదకి దిగి నడిచే వీలుండేది, ఆ అలవాటు నాకు అక్కడ పట్టి మధ్యలో ఎలా పోయిందో తెలీదు. నువ్వు పోనివ్వకు. దారి వెయ్యగానే కెమెరాని మనిషి కంటి ఎత్తుకి దించి గేటు నుంచి నడు. ఒక బెంచీ దగ్గర నిలబడితే రెండోది కంటికి కనబడాలి. మలుపు అడ్డొస్తే మలుపులో ఇంకోటి పెట్టు. మెట్లు తగ్గించి వాలు దారి వెయ్యి, అదీ నిటారుగా కాకుండా. మంచు మీద జారిపడతామనే భయం ఉన్నవాడు కాళ్ల కేసే చూస్తాడు, జంతువు కేసి చూడడు.

గాలి సంగతి కూడా చెప్పాలి. ఆట అడగలేదని వదిలెయ్యకు, నీ లైవ్ చూసేవాళ్లకి కంటితోనే వెచ్చదనం తెలియాలి. గాలి వచ్చే వైపు దారి పొడుగునా స్ప్రూస్ చెట్లని, అదే చలిదేశపు సూదాకుల చెట్లని, వరసగా నాటు. చెట్ల వరస తన ఎత్తుకి పదింతల దూరం దాకా గాలి వేగాన్ని బాగా తగ్గిస్తుంది. గోడ కట్టేస్తే పోలేదా అంటావేమో. నిండు గోడ మీదుగా దూకిన గాలి అవతల సుడి తిరుగుతుంది. కొమ్మల సందుల్లోంచి వడగట్టుకుని వచ్చేదే నెమ్మదిస్తుంది. ఆ చెట్ల నీడన, వీపు గాలికీ ముఖం జంతువుకీ ఉండేలా బెంచీలు పెట్టు.

గేటుకీ నీ పెద్ద జంతువుకీ మధ్య ఒక వెచ్చటి హాలు ఉండి తీరాలి. దాని కోసం పెద్ద ఖర్చేమీ పెట్టక్కర్లేదు. పాములకీ కప్పలకీ సాలీళ్లకీ గాజు పెట్టెలు ఉంటాయి కదా, వాటి వేడీ తేమా లోపలే సర్దుకోవచ్చు. పైకప్పు వేసి, నాలుగు పెట్టెలు లోపల పెట్టి, తాగడానికి ఏదైనా అమ్మే కొట్టు ఒకటి, టాయిలెట్ ఒకటి, మధ్యలో బెంచీలు వెయ్యి. ఆ పెట్టెల దగ్గర కూడా డొనేషన్ బాక్స్ పెట్టు, హాలు ఖర్చు హాలే రాబట్టుకుంటుంది. అమెరికాలో మిన్నెసోటా జూని 1978లో తెరిచారు. చలికాలం కఠినంగా ఉండే చోటది. లోపల ఉష్ణమండలపు అడవిని పెట్టుకుని, బయట మంచు పడుతున్నా జనం కోటు విప్పి నడిచేలా చేశారు. నీకు అంత పెద్దది వద్దు. దాని వెనక ఉన్న ఆలోచన పట్టుకో, చాలు.

ఎలుగుని కొండ నెత్తిన మాత్రం పెట్టకు. ఈ ఒక్కటీ నా మాట విను. కొండని తొలిచి కింద గది చెయ్యి, ఎలుగు ఈదే నీళ్ల పక్కన అద్దం పెట్టు. కెనడాలో విన్నిపెగ్ నగరపు అసినిబోయిన్ పార్క్ జూలో 2014లో తెరిచిన భాగంలో నీళ్ల కింద సొరంగమే కట్టారు. జనం గాలి తగలకుండా లోపల నిలబడితే ఎలుగులు నెత్తి మీదుగా ఈదుతాయి. మన ఆటలో కూడా ధ్రువపు ఎలుగు నీళ్లలో మునిగి ఈదుతుంది, పైనుంచి చూస్తే ఆ ఈత అందమే తెలియదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన జూ ఒకటి చెప్పనీ. జపాన్‌లో హొక్కైడోలోని అసాహియామా. ఆ దేశంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న జూ అదే. అది ఉన్న అసాహికావా నగరంలో 1902 జనవరి 25న మైనస్ 41 డిగ్రీలు నమోదయింది. జపాన్‌లో ఇప్పటికీ అదే రికార్డు. 1967లో తెరిచిన ఆ జూ 1990లలో జనం రాక మూతపడేదాకా వెళ్లింది. 2006కల్లా ఏడాదికి 30 లక్షల మంది వచ్చారు. అరుదైన జంతువుల్ని తెచ్చి కాదు, ఉన్నవాటినే జనానికి దగ్గర చేసి. నిలువు గాజు గొట్టంలోంచి సీల్ అనే సముద్రపు జంతువు పైకీ కిందికీ ఈదుతూ పోతుంది. చలికాలంలో పెంగ్విన్లని ఒళ్లు కదలడం కోసం బయటికి తీసుకొస్తారు, అవి మంచు మీద జనం మధ్యలోంచే నడుచుకుంటూ వెళ్తాయి. చలిలో మనిషిని జంతువు దాకా నడిపించడం కాదు, జంతువే మనిషి దగ్గరికి వస్తుందక్కడ. నేను రెండో ఎలుగు కోసం అప్పు చేస్తున్న రోజుల్లో ఈ కథ తెలిసుంటే ఎంత బాగుండేదో!

ఇక లైవ్ సంగతి. దీని గురించి నాకు దిగులుంది, దాచను. చూసేవాళ్లందరూ "ఆ జంతువుని తే, ఈ జంతువుని తే" అంటారు. జనం తగ్గినప్పుడు ఆ కేకలు ఇంకా పెరుగుతాయి. అప్పుడు డబ్బు ముట్టుకోకు. వెనక్కి తిరిగి వెళ్తున్న ఒక్క మనిషిని పట్టుకుని క్లిక్ చెయ్యి. అతని వెనకాలే గేటు దాకా వెళ్లు. అందరూ చూస్తుండగా అలా నెమ్మదిగా వెళ్లడం సిగ్గనిపిస్తుందేమో, వెళ్లు. ఒకవేళ జూ మునిగిపోయినా లైవ్ ఆపేసి తలుపేసుకుని కూచోకు. ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. మీ నాన్న నిద్రపోతాడు కానీ నేను మేలుకునే ఉంటాను.

దారులు వేశాక, జంతువుల్ని తేకముందే, మ్యాప్ బొమ్మ ఒకటి నాకు పంపు. గేటు దగ్గర్నుంచి బెంచీలు లెక్కపెట్టుకుంటూ వస్తాను. వచ్చే నెల మీ ఇంటికి వస్తున్నాను కదా, తాతయ్య స్టూలు తెస్తాను. కాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి, బట్ట మాత్రం కొత్తది వేయించాను. నీ కుర్చీ పక్కన వేసి ఉంచు. నువ్వు లైవ్‌లో ఉన్నంతసేపూ నేను మాట్లాడకుండా కూచుని చూస్తాను.

మీ అత్త