అరికాళ్ల మంటల గురించి మా శ్రీనుకు

చిరంజీవి శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. రాత్రి పక్కమీద వాలగానే అరికాళ్లు భగభగమంటున్నాయట, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నావట. మందుల షాపువాడిచ్చిన ‘నరాల బలం’ బిళ్లలు వేసుకుంటున్నావనీ, వచ్చే నెల అలిపిరి మెట్లెక్కి కొండకు పోతానంటున్నావనీ కూడా చెప్పింది. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఏళ్లపాటు పనిచేసినదాన్ని. ఈ రెండు సంగతులూ విని ఊరుకోలేక రాస్తున్నాను.

ఇన్నేళ్ల షుగరు కాబట్టి ఇది చాలావరకు దానివల్ల వచ్చిన న్యూరోపతే, అంటే నరాలు దెబ్బతినడమే అయుండాలి. ఒంట్లో అన్నిటికంటే పొడుగైన నరాలు నడుము నుంచి కాలివేళ్ల దాకా వెళ్లేవి. షుగరు ఎక్కువగా ఉన్నకొద్దీ వాటి చివరి కొసలే ముందు దెబ్బతింటాయి. అందుకే రెండు కాళ్లకీ వేళ్ల దగ్గర మొదలై, మేజోళ్లు తొడిగినంత మేర పైకి పాకుతుంది. ఒక కాలికే వచ్చినా, నాలుగైదు రోజుల్లోనే కాళ్లలో బలం పోతున్నా అది వేరే సంగతి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

అలాగని అంతా షుగరు మీదికే నెట్టేయకు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, పైగా నువ్వు గుడ్డు కూడా ముట్టవు. బీ12 తక్కువైనా ఇవే తిమ్మిర్లు. అది సూదులతోనో బిళ్లలతోనో సరిచేయగలిగే లోపం కనుక ముందు పరీక్ష చేయించుకో. థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూస్తారు. షాపు బిళ్లల అట్ట డాక్టరుకు చూపించు. కొన్నిటిలో ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందు కలిపి ఉంటుంది, దాన్ని ఉన్నట్టుండి మానకూడదు. అలాంటి బిళ్లల్లో ఉండే విటమిన్ బీ6 మరీ ఎక్కువైతే అదే నరాలను పాడుచేస్తుంది.

మంటకు ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివాటిలో ఒకటి రాస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మత్తుగా ఉంటుంది, ఆ రోజుల్లో బండి తీయకు. కొందరికి పాదాలు వాస్తాయి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఇవన్నీ బాధను తగ్గించేవే గానీ నరాన్ని బాగుచేసేవి కావు. నరం ఇంకా పాడవకుండా ఆపేది షుగరు అదుపే. అదీ నిలకడగా దిగాలి. బాగా ఎక్కువగా ఉన్నది ఒక్కసారిగా పడిపోతే కొందరికి మంటలు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు అసలు మాట, గట్టిగానే చెబుతున్నాను. మందు లేకుండానే ఒకరోజు మంట తగ్గిపోతే నయమైందనుకోకు. ఆ నరం మంటను కూడా చెప్పలేని స్థితికి వచ్చి ఉండొచ్చు. చెప్పు అట్టలోంచి మేకు పైకి పొడుచుకొచ్చినా సాయంత్రం దాకా అలాగే తిరిగిన మనిషికి నేను కట్టు కట్టాను. ఇంట్లో గచ్చు మీద రక్తపు అడుగులు చూసి భార్య కేకేస్తే గానీ ఆయనకు తెలియలేదు. చీము ఎముక దాకా పోయింది. నొప్పి ఉన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు, లేనివాళ్లు ఆలస్యంగా వస్తారు. కాళ్లు పోయేది ఆ ఆలస్యంలోనే.

అందుకని ఇంట్లోనే ఒక పరీక్ష చేయించుకో. నువ్వు కళ్లు మూసుకుని పడుకో. పద్మను రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల మీద చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తాకమను. నొక్కకూడదు, గిచ్చకూడదు, ఊరికే ఆనించాలి. తెలిసినప్పుడల్లా కుడో ఎడమో చెప్పు. ఆరింటిలో రెండుచోట్లో, అంతకంటే ఎక్కువచోట్లో తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. తెలిసినా సరే, ఏడాదికోసారి డాక్టరు దగ్గర మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో చేసే స్పర్శ పరీక్ష తప్పకూడదు.

రోజూ పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకో, వేళ్ల సందులు కూడా. నీళ్ల వేడి కాలితో కాదు, మోచేత్తో చూడు. వేడినీళ్ల సంచీ కాపడం వద్దే వద్దు. ఆనెకాయల్ని బ్లేడుతో గీకకు. కొబ్బరినూనె మడమలకు రాసుకో, వేళ్ల సందుల్లో వద్దు. ఇంట్లో కూడా ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్ట చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి వేసుకో. పాదం నొప్పి లేకుండానే ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే అడుగు కింద పెట్టకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు.

కొండకు బస్సులో పో. ఎండెక్కిన రాతి మీద వట్టికాళ్లతో నడిస్తే బొబ్బలెక్కేదాకా నీకు తెలియకపోవచ్చు. గుడి దగ్గర మందమైన నూలు మేజోళ్లు వేసుకుని తెల్లవారుజామునే దర్శనానికి వెళ్లు. మొక్కు అంటావేమో, స్వామికి నీ పాదాల మీద పుళ్లు అక్కర్లేదురా.

ఈ ఆదివారమే పద్మతో ఆ పరీక్ష చేయించుకుని, ఎన్నిచోట్ల తెలియలేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ